సిగార్ గడిలో సున్నా

నేను రిటైరైన రోజు భూపాలపల్లిలో మా ఆఫీసు వాళ్లు శాలువా కప్పి, ఒకరి తర్వాత ఒకరు లేచి మాట్లాడారు. అందరూ తిరిగి తిరిగి ఒకటే మాట అన్నారు. సార్ రిజిస్టర్లలో ఒక్క కొట్టివేత కనిపించదు, ఒక్క గడి ఖాళీగా ఉండదు అని. పొగడ్తలంటే గిట్టని మనిషినేం కాదు నేను. ముందు వరుసలో కూర్చుని బాగానే తల ఊపాను. కానీ ఆ గడుల్లో ఒకదాని సంగతి నాకు తెలుసు. ఊళ్లకు ఊళ్లు ఆ గడి నిండా సున్నాలే. అన్నీ నేను దగ్గరుండి పెట్టించినవే. మైకు నా చేతికిచ్చినప్పుడు ఆ సంగతి చెబుదామనుకున్నాను. ధైర్యం చాలలేదు. అందరికీ నమస్కారం పెట్టి దిగిపోయాను. అప్పుడు మింగిన మాట ఇప్పుడు రాస్తున్నాను. ముఖ్యంగా కొత్తగా మా శాఖలో చేరి, చేతిలో ట్యాబ్ పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్న పిల్లలు చదవాలని రాస్తున్నాను.

మాది కొడకండ్ల దగ్గర ఒక పల్లె. ఆరోగ్య శాఖలో కింది మెట్టు మీద చేరి సూపర్‌వైజర్‌నయ్యాను. జనగామలో కొన్నేళ్లు, మహబూబాబాద్ వైపు చాలా ఏళ్లు, చివర భూపాలపల్లిలో పనిచేశాను. ఈ కథ మహబూబాబాద్ జిల్లాలో దంతాలపల్లి దాటాక వచ్చే ఒక ఊళ్లో జరిగింది. అప్పుడు మాకొక సర్వే అప్పగించారు. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి మనిషికీ బీపీ, షుగర్ చూడాలి. నోరు తెరిపించి టార్చి వేసి చూడాలి. అలవాట్లు అడిగి ఫారంలో రాయాలి. ఊళ్లలో ఈ పని చేసేది ఏఎన్ఎంలు. వాళ్లకు నేర్పేదీ, వాళ్ల ఫారాలు సరిచూసేదీ నేను.

ఆ ఫారంలో పొగ తాగే అలవాటు కింద మూడు గడులున్నాయి. సిగరెట్, బీడీ, సిగార్. ఎవరు తయారు చేశారో, ఏ ఊరి మనుషులను తలుచుకుని తయారు చేశారో నాకు తెలియదు. తెలుగు అక్షరాల్లో చక్కగా అచ్చయి వచ్చింది కాబట్టి తెలుగేనని మేమంతా అనుకున్నాం.

నేర్పిన రోజు ఒక ఏఎన్ఎం లేచి నిలబడింది. తండా నుంచి చదువుకుని వచ్చిన అమ్మాయి. ఉద్యోగంలో చేరి అప్పటికి కొన్నేళ్లే అయింది. నోరు మాత్రం ఎవరికీ జడవదు.

"సార్, సిగార్ అంటె ఏంది?"

నాకు ఉపన్యాసాలంటే ఇష్టం. అదొక రోగం. సినిమాల్లో కోటు వేసుకుని, మెట్ల మీద నిలబడి, బొటనవేలంత లావుగా గోధుమరంగుది నోట్లో పెట్టుకునే విలన్ ఉంటాడే, అతను తాగేదే సిగార్ అని చేతులు తిప్పుతూ చెప్పాను. అందరూ నవ్వారు. "మన దిక్కు ఎవ్వలు తాగుతరమ్మా అది? కండ్లు మూసుకొని సున్న పెట్టుండ్రి," అన్నాను.

ఆ అమ్మాయి కూర్చోలేదు. "మరి సుట్ట ఏడ రాయాలె సార్?"

"సుట్ట గిండ్ల లేదు. లేనిది రాయొద్దు."

నిఘంటువు తీసి చూస్తే సిగార్ అంటే పొగచుట్ట అని చిన్నపిల్లలకు కూడా తెలిసేలా ఉంటుంది. నాకూ తెలియక కాదు. పొగాకును చుట్టి చేసిందేదైనా చుట్టే. ఒకటి రేకు పెట్టెలో పడుకుని విమానమెక్కి వస్తుంది, ఇంకొకటి తునికాకు కప్పుకుని ముసలమ్మ నడుమున దోపిన గుడ్డ సంచిలో ఉంటుంది. అంతే తేడా. అయినా నా బుర్ర ఆ రెంటినీ ఒక గడిలో కూర్చోబెట్టడానికి ఒప్పుకోలేదు. ఎందుకో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. మా అవ్వ చుట్ట తాగేది. పొద్దున కల్లాపి చల్లి, వాకిట్లో కూర్చుని, కాలి మీద కాలేసుకుని తాగేది. నేను ట్రైనింగ్‌కు పోయినప్పుడు హాస్టల్లో మాటల మీద మాట వచ్చి "మా అవ్వ సుట్ట తాగుతది" అన్నాను. కోస్తా వైపు నుంచి వచ్చిన కుర్రాళ్లు ఆ ముక్క పట్టుకుని నెలరోజులు నన్ను ఏడిపించారు. అవ్వనూ వెక్కిరించారు, నా మాటనూ వెక్కిరించారు. అప్పటి నుంచి నేను పుస్తకాల భాష మనిషినయ్యాను. అచ్చులో ఉన్నదే మాట, మిగతాది మోటు అన్న బుద్ధి అక్కడే అంటుకుంది. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది, మా అవ్వ గురించి కాదు, నా గురించి.

ఫారాలు రావడం మొదలైంది. ఆ అమ్మాయి ఫారాల్లో సిగార్ గడిలో సున్నా ఉంది, కానీ పక్కన అంచు మీద పెన్సిల్‌తో చిన్నగా 'చు' అని రాసి ఉంది. చాలా ఫారాల మీద ఉంది. నాకు ఒళ్లు మండింది. పిలిచి, "ఏందమ్మా ఈ గీతలు? పైకి పోయే కాయితం మీద పిచ్చిరాతలా?" అని కేకలేశాను. నా టేబుల్ మీద ఉన్న రబ్బరు చేతికిచ్చి, నా ముందే కూర్చోబెట్టి, అన్నీ చెరిపించాను. ఆమె చెరిపిన పొడి చేత్తో ఊడ్చి బుట్టలో వేసి వెళ్లిపోయింది. నాకేమో పని శుభ్రంగా చేయించానని తృప్తి.

వానాకాలం నాట్లు పడే రోజుల్లో ఆ ఊళ్లో క్యాంపు పెట్టాం. పంచాయతీ ఆఫీసు ముందు టేబుల్ వేసుకుని, బీపీ మిషన్ పెట్టుకుని కూర్చున్నాం. ఒక్క ఆడమనిషి రాలేదు. ఇద్దరు ముసలాయనలు వచ్చి కళ్లజోళ్లు ఇస్తారా అని అడిగి వెళ్లారు.

"నాట్లప్పుడు ఊర్ల ఎవలుంటరు సార్? పొలాల కాడికి పోదాం పాండ్రి," అంది ఆ అమ్మాయి.

నాకు బురదంటే చిరాకు. అయినా ప్యాంటు మడిచి, చెప్పులు చేత పట్టుకుని గట్ల మీద ఆమె వెనకే నడిచాను. రెండుసార్లు జారాను. ఆమె వెనక్కి తిరిగి చూడకుండానే నవ్వుకోవడం నాకు వినిపించింది.

మడిలో పాతికమంది దాకా ఆడవాళ్లు వంగి నాటు వేస్తున్నారు. అందరూ రోజుకూలికి, అంటే అక్కడి మాటలో కైకిలికి వచ్చినవాళ్లు. గట్టు మీద రైతు గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. కొద్దిసేపటికి వరుస చివర ఒక పెద్దావిడ నడుం నిటారు చేసింది. అరవై దాటి ఉంటుంది. గుంపుకు పెద్ద ఆమే. ఏ పొలానికి ఎప్పుడు పోవాలో, ఎవరు ఎక్కడ నిలబడాలో ఆమె మాటే. అందరూ ఆమెను పెద్దవ్వ అంటారు. ఆమె మబ్బుల చాటున పొద్దు ఎక్కడుందో చూసి గట్టిగా కేకేసింది.

"సుట్టకు లేవుండ్రి!"

పాతికమందీ ఒక్కసారి నడుములు ఎత్తి గట్టెక్కారు. పెద్దవ్వ నడుము సంచిలోంచి చుట్ట తీసి, కొస కొరికి ఊసి, అగ్గిపుల్ల గీసి ముట్టించింది. ఇంకో నలుగురైదుగురు ముట్టించారు. మిగతావాళ్లు ఉత్తగానే కాళ్లు చాపుకున్నారు. ఒకామె గబగబా నడిచి, చెట్టుకు చీరతో కట్టిన ఉయ్యాలలోంచి పసిదాన్ని తీసుకుని అటు తిరిగి పాలిచ్చుకుంది.

నాకు ఇంతకంటే మంచి అదను దొరుకుతుందా? గట్టు మీదే నిలబడి పొగాకు వల్ల కలిగే నష్టాలు అందుకున్నాను. ఊపిరితిత్తులు, గుండె, నోరు, అన్నీ వరసపెట్టి చెప్పాను. వాళ్లు మర్యాదగా విన్నారు. అయిపోయాక పెద్దవ్వ పొగ వదిలి అడిగింది.

"సారూ, మీరు ఆఫీసుల చాయ్ తాగ ఎన్నిసార్లు లేస్తరు?"

అందరూ పకపకా నవ్వారు. నిజం చెప్పాలంటే లెక్కే లేదు.

ఆలోగా ఏఎన్ఎం ఒక్కొక్కరి నోట్లో టార్చి వేసి చూస్తోంది. పెద్దవ్వ దగ్గరికి వచ్చింది. "అవ్వా, నోరు తెరువు. నాలిక అటు వెట్టు. ఇంకొంచెం." చూసింది. టార్చి ఆర్పి మళ్లీ వేసి చూసింది. "కారం తింటె మండుతదా అవ్వా?"

"రెండు నెలల సంది మంటనే బిడ్డా. కారం ఇడిసిపెట్టిన. మజ్జిగ పోసుకొని తింటున్న."

ఆ అమ్మాయి లేచి, నన్ను పక్కకు తీసుకుపోయింది. దవడ లోపల తెల్లటి మచ్చ ఉందనీ, గుడ్డతో తుడిచినా పోవడం లేదనీ, దాని మధ్యన పుండు పడిందనీ చెప్పింది. తర్వాత గొంతు తగ్గించింది.

"సార్, ఈ అవ్వ ఫారం నేనే రాసిన. అంచుకు పెన్సిల్‌తో రాస్తి. అండ్ల ఎవరెవరు సుట్ట తాగుతరో చూసుకొని, వాళ్ల నోర్లు ముందుగాల చూపియ్యాలె అనుకున్న. మీరు చెరిపిచ్చిండ్రు."

ఆమె కోపంగా అనలేదు. కోపంగా అంటే నేను కూడా ఏదో ఒకటి అనేవాణ్ని. తల కొట్టేసినట్టయింది. నేను పెట్టించిన సున్నా ఎదురుగా కూర్చుని మజ్జిగన్నం సంగతి చెబుతోంది.

పెద్దవ్వకు సంగతి చెప్పాం. మహబూబాబాద్ దవాఖానలో పళ్ల డాక్టరమ్మకు చూపించాలి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు, ఇవాళే చుట్ట మానాలి అన్నాం. ఆమె అంతా విని తల అడ్డంగా ఊపింది.

"నాట్లు ఒడవనీ. అప్పుడు సూద్దాం. సుట్ట మాత్రం నేను ఇడువ."

"పానం కంటె సుట్ట ఎక్కువనా అవ్వా?" అన్నాను. గొంతు కొంచెం లేచింది.

ఆమె నా వైపు జాలిగా చూసింది. "సారూ, నాకు గది తాగబుద్ధి అయి తాగుతున్ననా? మొదట్ల తాగిన, లేదనను. ఇప్పుడు నోరు మండుతుంటె ఎవలకు తాగబుద్ధయితది? నేను ముట్టియ్యకుంటె వీళ్లు ఎట్ల కూసుంటరు?"

అప్పుడు గాని నాకు అసలు సంగతి అర్థం కాలేదు. ఆ పొలాల్లో మధ్యాహ్నం బువ్వకు తప్ప ఊరికే కూర్చోవడమనేది లేదు. కానీ చుట్టకు కూర్చోవచ్చు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఎప్పటి నుంచో వస్తున్న ఆనవాయితీ. ఏ రైతూ దానికి అడ్డం చెప్పడు, ఎందుకంటే రైతు తండ్రీ చుట్ట తాగినవాడే. చుట్ట కాలినంత సేపు గట్టు మీద కూర్చోవచ్చు, ఆరిపోతే లేవాలి. అక్కడ చుట్ట అంటే పొగాకు కాదు, పొద్దు. "రెండు సుట్టల పని మిగిలింది" అంటే గంట లెక్క కట్టుకోవచ్చు. తాగేవాళ్లు తగ్గిపోతున్నారు. ఈ కాలపు ఆడపిల్లలకు ఆ వాసనే పడదు. అందుకని కొందరు పిల్లలు కూర్చోవడం కోసమే నేర్చుకోబోతే పెద్దవ్వ ఒప్పుకోలేదు. మీరు తాగొద్దు, అందరి తరఫునా నేను ముట్టిస్తాను, మీరు కూసోండ్రి అంది. ఒక్కటి కాలుతూ ఉంటే చాలు, పాతికమంది నడుములు ఆనుతాయి. ఆ పసిబిడ్డ పాలు తాగుతుంది.

నేను చదువుకున్న ఏ ట్రైనింగ్ పుస్తకంలోనూ ఈ గడి లేదు.

తిరిగొచ్చేటప్పుడు గట్ల మీద మళ్లీ ఆమె వెనకే నడిచాను. రోడ్డెక్కాక నేనే నోరు విప్పాను. "తప్పు నాది చెల్లె. రేపు మీటింగుల అందరి ముంగట చెప్త." ఆమె "మంచిది సార్" అంది. వద్దులెండి సార్ అంటుందని నాకు లోపల చిన్న ఆశ ఉండింది. అనలేదు.

మర్నాడు మీటింగులో చెప్పాను. సిగార్ అంటే చుట్టే, నేను తప్పు చెప్పాను, మళ్లీ ఇల్లిల్లూ తిరిగి "సుట్ట తాగుతవా" అని అడిగి ఆ గడిలో రాయండి అన్నాను. వెనక వరుసలో గొణుగుడు వినిపించింది. తిరిగే కాళ్లు వాళ్లవి కదా. నేను కూడా వాళ్లతో తిరిగాను. దంతాలపల్లి వైపు నుంచి కురవి దాకా తిరిగాను. అడిగే తీరు మార్చగానే జవాబులూ మారాయి. "నీకు అలవాట్లు ఏమైనా ఉన్నయా" అంటే లేవన్న ముసలమ్మే "సుట్ట తాగుతవా" అంటే "తాగకుంటె ఎట్ల గడుస్తది నాయినా" అనేది. వాళ్ల లెక్కలో అలవాటంటే సారా. చుట్ట అలవాటు కాదు, బతుకు.

కొన్నాళ్లకు పై ఆఫీసు నుంచి ఒక అధికారి ఫోన్ చేశారు. కొత్త లెక్కలు చూసి ఆయన కంగారు పడ్డారు. "ఏమయ్యా, మొన్నటిదాకా సున్నా ఉంది, ఇప్పుడు ఇంతమంది సిగార్లు తాగుతున్నారంటావు. మీ దగ్గర దొరలేమైనా దిగారా?" అన్నారు.

"లేదు సార్. కైకిలోళ్లు," అన్నాను. నోటి నుంచి ఆ మాటే వచ్చింది, పుస్తకం మాట రాలేదు. ఆయన, "చుట్టా?" అన్నారు. "మా అమ్మమ్మ కూడా తాగేదయ్యా," అన్నారు. ఇంకేమీ అడగలేదు.

ఇదంతా బాగానే ఉంది, పెద్దవ్వ మాత్రం కదల్లేదు. రెండుసార్లు ఇంటికి పోయాం. రెండుసార్లూ చాయ్ పోసి పంపింది. కొడుకు, కోడలు కూడా బతిమాలారు. "నాలుగొద్దులు నేను లేకుంటె గుంపు సెదిరిపోతది. ఆ బాలింతను పనికి తీసుకొచ్చింది నేను. కూసునే యాళ్ల లేకుంటె దాని బిడ్డ ఎట్ల?" అదే మాట. నాకు నిద్ర పట్టలేదు. పుండు మాత్రం నాట్లు అయ్యేదాకా ఆగదు కదా.

ఉపాయం చెప్పింది ఏఎన్ఎం. నేను ఆఫీసులో కూర్చుని బీపీ రిజిస్టర్ తిరగేస్తుంటే వచ్చి అడిగింది.

"సార్, బీపీ చూసేముందు మనిషి ఎంతసేపు కూసోవాలె?"

"అయిదు నిమిషాలు. నడిచొచ్చిన వెంటనే చూస్తే ఎక్కువ చూపిస్తది. నీకు తెల్వదా?"

"పొగ తాగినంక?"

"అరగంట దాకా చూడొద్దు."

"మరి పాతికమందికి చూడాలంటె ఎంతసేపు పడతది సార్?"

నేను కళ్లజోడు తీసి ఆమె వైపు చూశాను. పొద్దున్నుంచి మొదటిసారి నాకు నవ్వొచ్చింది. జన్మలో మొదటిసారి ఒక నిబంధన నాకు ముద్దొచ్చింది.

ఆ సాయంత్రమే పెద్దవ్వ దగ్గరికి పోయాం. "నువ్వు దవాఖానకు పో. నువ్వొచ్చేదాంక పొద్దుగాల ఒకపారి, మాపటికి ఒకపారి మేం పొలం కాడికొచ్చి గుంపుకు బీపీ చూస్తం. కూసోకుంటె బీపీ రాదు. సర్కారు రూలు," అన్నాను. ఆమె మమ్మల్నిద్దరినీ ఎగాదిగా చూసింది. "నిజంగ వస్తరా? బురదల?" అంది. "వస్తం," అన్నాను. "సారు జారి పడ్డా గూడ వస్తడు," అంది ఏఎన్ఎం. పెద్దవ్వ నవ్వింది. నవ్వితే దవడ నొప్పి పుట్టి చెయ్యి పెట్టుకుంది. మర్నాడు కొడుకుతో మహబూబాబాద్ బస్సెక్కింది.

ఆమె ఆస్పత్రికి తిరిగినన్ని రోజులు మేం మాట నిలబెట్టుకున్నాం. నేను పొద్దున, ఏఎన్ఎం సాయంత్రం. రెండోరోజు రైతు గొడుగు మూసి నా దగ్గరికొచ్చాడు.

"ఏంది సారూ, నిన్న చూస్తిరి, మల్ల ఇయ్యాల ఏంది?"

"బీపీ రోజుకో తీరు ఉంటది పటేలా. వరుసగ చూస్తెనే తెలుస్తది. మీరు గూడ కూసోండ్రి, చూస్త."

కూర్చున్నాడు. ఆయనకే ఎక్కువగా ఉంది. పాపం, ఆ సంగతి విన్నాక నాతో వాదించే ఓపిక ఆయనకు లేకపోయింది. మందులు రాయించి ఇచ్చాను. పాతికమంది అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలని చెబితే, ఆ నిశ్శబ్దంలో కప్పలు అరవడం, ఉయ్యాల దగ్గర పసిదాని గుక్కలు వినిపించేవి. అక్కడ ఎవరూ పొగ తాగలేదు. తాగితే అరగంట దాకా చూడొద్దు మరి. నా ఉద్యోగంలో నేను చేసిన పనుల్లో ఇంత సంతోషంగా చేసిన పని ఇంకొకటి లేదు.

రిపోర్టు వచ్చేదాకా గడిచిన రోజులు మాత్రం చెప్పలేను. పళ్ల డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, మెత్తగా మాట్లాడుతుంది. రమ్మని కబురు చేస్తే పెద్దవ్వతోపాటు మేమిద్దరం కూడా పోయాం. ఆమె కాగితం మడత విప్పింది.

"క్యాన్సర్ కాలేదు. కానీ అటు పోయే దారిలోనే ఉంది. ఇంకో ఏడాది ఆగి ఉంటే నేనిలా మాట్లాడేదాన్ని కాదేమో. ఆ మచ్చ వరకూ తీసేస్తాను. మళ్లీ మళ్లీ వచ్చి చూపించుకోవాలి. చుట్ట మాత్రం ఇక ముట్టుకోవద్దు," అంది.

పెద్దవ్వ "సరే బిడ్డా" అంది. బయటికొచ్చాక నడుము సంచి విప్పి, ఉన్న చుట్టలన్నీ తీసి ఏఎన్ఎం చేతిలో పెట్టింది. నేను గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను. ఇందులో దాచాల్సిందేముంది, ఏడ్చాను. ఒక పెన్సిల్ గీత చెరిపించినందుకు ఒక మనిషి పోయి ఉండేది. ఒక అమ్మాయి మొండిగా బురదలోకి నడిపించినందుకు మిగిలింది.

ఆ చలికాలంలో నాకు భూపాలపల్లికి బదిలీ అయింది. బయల్దేరే ముందు చెప్పి పోదామని ఆ ఊరికి వెళ్లాను. రెండో పంట, యాసంగి నాట్లు నడుస్తున్నాయి. ఇంటి దగ్గర ఎవరూ లేరు. పొలం దారి నాకు ఇప్పుడు బాగానే తెలుసు, జారకుండానే వెళ్లాను. దూరం నుంచే పెద్దవ్వ కనిపించింది. దవడ మీద కొంచెం గుంట పడింది గాని, మనిషి గట్టిగానే ఉంది. కోడిగుడ్డు పులుసు కారంగానే తింటున్నానని అంతకుముందు ఫోన్‌లో చెప్పింది.

నేను గట్టు చేరేసరికి ఆమె నడుం ఎత్తి పొద్దు చూసింది. ఇప్పుడు ఏమని పిలుస్తుంది? చుట్ట లేదు. మేమా రావడం మానేశాం, పెద్దవ్వ తిరిగొచ్చాక రోజూ వచ్చే వీలు మాకు లేకపోయింది. రైతు అక్కడే, అదే గొడుగుతో ఉన్నాడు. అప్పటిదాకా వాళ్లు ఏదో విధంగా సర్దుకుంటున్నారనీ, ఆయన రోజూ గొణుగుతున్నాడనీ ఏఎన్ఎం చెప్పి ఉంది. నా సంచిలో బీపీ మిషన్ ఉంది. చెయ్యి దాని మీదికే పోయింది.

"లేవుండ్రి," అంది పెద్దవ్వ. ముందు మాటేమీ లేదు. ఆ ఒక్క మాటే.

అందరూ గట్టెక్కి కూర్చున్నారు. బాలింత ఉయ్యాల దగ్గరికి నడిచింది. రైతు రెండడుగులు ముందుకొచ్చాడు.

"ఏందవ్వా, సుట్ట ముట్టియ్యకపోతివి, బీపీ చూడకపోతిరి. మరెందుకు కూసున్నరు?"

పెద్దవ్వ అరచేతులకున్న బురద గడ్డికి తుడుచుకుంది. ఆయన మొహం వైపు తిన్నగా చూసింది.

"అలిసినం పటేలా. గందుకె కూసున్నం."

గట్టు మీద ఎవరూ కదల్లేదు. తల్లుల వయసు వాళ్లు, కూతుళ్ల వయసు వాళ్లు, పాతికమందీ ఆయన వైపే చూస్తున్నారు. ఆయన గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాడు. చివరికి, "నీళ్లు ఎట్ల పారుతున్నయో చూసొస్త," అని కాలువ వైపు మెల్లగా నడిచాడు. వెళ్తూ వెనక్కి చూడలేదు.

పెద్దవ్వ అప్పుడు నన్ను చూసింది. పక్కకు జరిగి గట్టు మీద చోటు చేసింది.

"నిలవడ్డవేంది సారూ? నువ్వు గూడ అలిసొచ్చినవు. కూసో."

కూర్చున్నాను.